లోకల్ ఛానెల్లో నాలుగు దయ్యాలు

1997 మార్చి పదో తేదీ, సోమవారం ఉదయం సత్తిబాబు ఆ రోజు పనులు ఒక చీటీ మీద రాసుకున్నాడు. స్కూటరుకు గాలి పట్టించాలి. గ్యాస్ బుక్ చేయాలి. పక్క ఊరు సాతంరాయిలో మూగపోయిన రెండు ఫోన్లు చూడాలి. ఒంటిగంటకు ఇంటికొచ్చి భోంచేయాలి. ఐదో పని కూడా ఒకటుంది గాని దాన్ని రాయలేదు.

సత్తిబాబుది తణుకు. శంషాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్లు చూసే ఇంజనీరు. బస్టాండు వెనక గల్లీలో, ఐలయ్య ఇంటి మేడ మీద పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాడు. భార్య వరలక్ష్మి హైవే పక్కనున్న ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కూతురు సింధు పదో తరగతి. పరీక్షలు నెలాఖరున.

అంతకుముందు రోజు వరలక్ష్మి తమ్ముడు వెంకట్ వచ్చి వెళ్ళాడు. అతను ఓడలో పనిచేస్తాడు. మేనకోడలికి టీవీ గేమ్ ఒకటి తెచ్చాడు. ఆటలో పసుపుపచ్చ గుండు ఒకటి నోరు తెరుచుకుని సందుల్లో తిరుగుతూ చుక్కలు తింటుంది. నాలుగు దయ్యాలు దాన్ని వెంటాడతాయి. నాలుగు మూలల్లో నాలుగు పెద్ద చుక్కలుంటాయి. వాటిలో ఒకటి తింటే దయ్యాలు కాసేపు నీలంగా మారి పారిపోతాయి. అప్పుడు గుండే వాటిని తినవచ్చు. డబ్బా మీద ఈ ఆటకు ఇంగ్లీషులో ఒక పేరుంది. గల్లీలో ఎవరూ ఆ పేరు వాడలేదు.

టీవీ వెనక వైరు పెట్టడానికి ఉన్నది ఒకటే చోటు. గేమ్ పెట్టాలంటే కేబుల్ పీకాలి. పీకడం సత్తిబాబుకు నచ్చలేదు.

"ఒక లైను మీద రెండు ఫోన్లు పెట్టట్లేదా? ఇదీ అంతే. పేరలల్," అన్నాడు. కేబుల్ వైరు పైతోలు చెక్కి, గేమ్ వైరును దానికి మెలిపెట్టి, పైన టేపు చుట్టాడు. రెండూ పనిచేశాయి. పది నిమిషాలు చూశాక డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవిని స్కూటరు తాళాల గుత్తికి తగిలించాడు.

"పరీక్షలయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

"ఎవరూ అంటే?" సింధు అడిగింది.

"ఎవరూ అంటే ఎవరూ."

ఆ పది నిమిషాల్లో అతను ఒక్కసారి ఆడాడు. పదకొండు చుక్కలు తిన్నాక ఎర్ర దయ్యం పట్టుకుంది. రాత్రి పడుకునే ముందు అతనికి ఆ మలుపు గుర్తొచ్చింది. కుడికి తిరగాల్సింది. చీటీలో రాయని ఐదో పని అదే.

ఫోను లైనులో మాట రెండు వైపులా పోతుంది. సత్తిబాబు వేసిన ముడిలో బొమ్మ కూడా రెండు వైపులా పోయింది. ఒకటి అతని టీవీలోకి, ఇంకొకటి కేబుల్ వెంట వెనక్కి, గల్లీలోకి. ఆ వైరు మీద పదహారు ఇళ్ళున్నాయి. గేమ్ వచ్చే నంబరులోనే కేబుల్ ఆపరేటరు ప్రేమ్ రాజ్ లోకల్ ఛానెల్ కూడా వస్తుంది. అందులో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు సినిమా వేస్తాడు.

సోమవారం ఒకటీ ఇరవైకి సత్తిబాబు భోజనం ముగించి, చేయి కడుక్కుని, బీరువా తెరిచాడు. కింది ఇంట్లో ఐలయ్య భార్య భారతమ్మ సినిమా చూస్తోంది. హీరో తల్లి కాళ్ళ మీద పడబోతున్నాడు. తల్లి ముఖం మీద నీలం గీతలు పడ్డాయి. తల్లి పోయింది, హీరో పోయాడు, సందులు మిగిలాయి. భారతమ్మ టీవీని రెండుసార్లు చరిచి, ప్రేమ్ రాజ్‌కు ఫోన్ చేసింది.

ప్రేమ్ రాజ్ వచ్చేసరికి రెండుంబావు అయింది. తెర మీద హీరో పాట పాడుతున్నాడు.

"ఏమొచ్చిందక్కా?"

"గుండు. నోరు తెరుసుకొని తిరుగుతుంది. ఎనక నాలుగు దయ్యాలు."

ప్రేమ్ రాజ్ టీవీని చూశాడు. తర్వాత భారతమ్మను చూశాడు. "అన్నం తిన్నవా అక్కా?"

"తిన్న. పండుకోలే. కల గాదు."

మంగళవారం ఆరు ఇళ్ళ నుంచి ఫోన్లు వచ్చాయి. బుధవారం పదకొండు. ప్రతిసారీ ఒకటీ ఇరవైకే. ప్రతిసారీ అతను వచ్చేసరికి సినిమా సరిగ్గానే ఉండేది. బుధవారం సాయంత్రం ఈ సంగతి తండ్రి యోనాకు చెప్పాడు. యోనా చర్చిలో పెద్ద.

"ఎన్నొస్తున్నయ్?" యోనా అడిగాడు.

"నాలుగు బాపు."

"ఏ రంగువి?"

"ఎర్రది, గులాబీది, నీలంది, నారింజది అంటున్నరు."

యోనా రంగులు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "గులాబీ దయ్యం సంగతి వాక్యంల యాడ లేదు. ఇది కరెంటు పని. పోయి వైరు సూడు."

రంగులు వరసగా చెప్పాక ప్రేమ్ రాజ్‌కు ఒకటి తట్టింది. ఆ నాలుగింటినీ అతను చూశాడు. బస్టాండు ఎదురుగా కొండల్ నడిపే వీడియో గేమ్ దుకాణంలో నిలువెత్తు మిషన్లు మూడున్నాయి. మొదటి మిషన్‌లో ఈ ఆటే ఉంది. ఏళ్ళ తరబడి అదే బొమ్మ వెలిగి వెలిగి అద్దం మీద అచ్చుపడింది. కరెంటు తీసేసినా సందులు కనబడతాయి. పైగా కొండల్ ఆ ఏడాదే సాతంరాయిలో కేబుల్ మొదలుపెట్టాడు. తర్వాత శంషాబాద్ అని అందరితో చెబుతున్నాడు.

ప్రేమ్ రాజ్ నేరుగా దుకాణానికి వెళ్ళాడు. "నా లైన్ల నీ ఆట ఎందుకొదులుతున్నవ్ అన్నా?"

కొండల్‌కు ఏమీ అర్థం కాలేదు. కాని తాను రోడ్డుకవతల కూర్చుని పదహారు టీవీల్లో బొమ్మ మార్చగలనని ఒకడు నమ్ముతున్నప్పుడు, కాదనడం వ్యాపారానికి మంచిది కాదని మాత్రం అర్థమైంది.

"నేనొదిలిన్నా?" అన్నాడు.

"నువ్వు గాకపోతే ఎవరు?"

"నువ్వే చెప్తున్నవ్ గద." కొండల్ మిషన్ అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

రాత్రికల్లా గల్లీలో రెండు మాటలు తిరిగాయి. కొండల్ దగ్గర పెద్ద మిషనుంది. ప్రేమ్ రాజ్ దగ్గర దాన్ని ఆపేది లేదు.

గురువారం సాయంత్రం ఐలయ్య తన వరండాలో పదహారు ఇళ్ళవాళ్ళను కూర్చోబెట్టాడు. ఐలయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏ మాటైనా టికెట్ కోసినట్టు తెంపి చెబుతాడు.

"ఐతారం పదకొండు గంటలకు ఫైసలా. ప్రేమ్ రాజ్, నీ లైన్ల తప్పుంటే కనెక్షన్లు కొండల్‌కు. తప్పు లేకుంటే నీకే. మంచిదేనా?"

"ఐలన్నా, ఈ గల్లీ పోతే మిగతా మూడు గల్లీలు గూడ పోతయ్," అన్నాడు ప్రేమ్ రాజ్. "ఈస్టర్ ఎనక నా పెండ్లి. కేబుల్ ఉందనే రేచల్ వాళ్ళ బాపు ఒప్పుకున్నడు."

"కేబుల్‌కు పిల్లనిచ్చిండా, నీకిచ్చిండా?" అన్నాడు వెనక నుంచి ఎదురింటి కుర్మయ్య.

"రెండిటికీ కలిపి ఇచ్చిండు," అన్నాడు ప్రేమ్ రాజ్.

లైనులో తప్పుందో లేదో తేల్చడానికి తెలిసినవాడు కావాలి. అందరూ సత్తిబాబు వైపు చూశారు. సత్తిబాబు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను చూస్తాను. కాని రాతపూర్వకంగానే ఇస్తాను," అన్నాడు.

"సార్, తెర మీద ఏమొస్తదంటే..." ప్రేమ్ రాజ్ మొదలుపెట్టాడు.

"లక్షణాలు నాకు చెప్పొద్దు. పాతికేళ్ళ నుంచి వింటున్నాను, ప్రతివాడూ ఒక లక్షణం చెబుతాడు. లైను చూపించు చాలు."

"దయ్యాలు సార్, నాలుగు..."

"అలాంటివి అసలు చెప్పొద్దు."

ఆ సాయంత్రం సత్తిబాబు నిచ్చెన వేయించుకుని స్తంభం మీది పెట్టె నుంచి గల్లీ చివరిదాకా వైరు చూశాడు. పదిహేను ఇళ్ళలో టీవీల వెనక చూశాడు. పదహారో ఇల్లు తనది. పాత జాయింట్లు పద్నాలుగు లెక్కపెట్టి చీటీలో రాసుకున్నాడు.

ప్రేమ్ రాజ్ ఆదివారం దాకా ఆగలేదు. గురువారం రాత్రి గల్లీలో పాత వైరు మొత్తం తీసి పారేసి, తెల్లారేసరికి ఇళ్ళ గుమ్మాల దాకా కొత్త వైరు లాగాడు. శుక్రవారం ఒకటీ ఇరవైకి కొత్త వైరు మీద దయ్యాలు మునుపటికంటే బాగా వచ్చాయి. భారతమ్మకు వాటి కళ్ళు కూడా కనబడ్డాయి.

ఈలోగా గల్లీలో ఇంకొకటి జరిగింది. దాన్ని ఎవరూ ఫిర్యాదులో చెప్పలేదు. ఆడవాళ్ళు ఒంటిగంటకల్లా వంట, భోజనాలు ముగించి భారతమ్మ ఇంటికి చేరుతున్నారు. సినిమా వస్తుంటే మాట్లాడుకునేవారు. గుండు రాగానే మాటలు ఆపేసేవారు.

శనివారం పదిహేనో తేదీ. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. సింధుకు స్పెషల్ క్లాసులున్నాయి గాని వరలక్ష్మికి బడి పన్నెండున్నరకే అయిపోయింది. ఆమె ఆటో దిగి గేటు తీసేసరికి ఒకటీ పాతిక. భారతమ్మ కిటికీలోంచి చూసింది.

"టీచరమ్మా, జల్ది రా. ఇప్పుడే సురువైంది."

వరలక్ష్మి లోపలికి వెళ్ళింది. తొమ్మిదిమంది కింద కూర్చుని ఉన్నారు. తెర మీద ఉన్నదాన్ని ఆమె ఆదివారం తన ఇంట్లో చూసింది.

"ఇదేంటండీ?"

"నువ్వు కూసో, నేన్జెప్త. ఆ ఎర్రోడున్నడే, వాడు ఎనక బడ్తడు. ఇడువడు. గులాబోడు తెలివైనోడు, ముంగటికొచ్చి కాపు కాస్తడు. నీలపోడు ఎప్పుడేం జేస్తడో ఎవలకు తెల్వదు. నారింజోడు ఉత్త పిరికోడు, దగ్గరిదాక ఒచ్చి పారిపోతడు. వాని సంగతి పట్టించుకోవద్దు."

"మరి ఆ గుండు?"

"గుండుది మంచి మనసే గని తెలివి లేదు. సూడు సూడు, ఇప్పుడు ఎనక్కి పోతది."

గుండు వెనక్కి వెళ్ళింది. ఒక సందులో ఒక్క చుక్క మిగిలిపోయింది. పక్కనే పెద్ద చుక్క ఉంది, ఎర్ర దయ్యం వస్తోంది. అయినా గుండు ఆ ఒక్క చుక్క కోసం వెనక్కి వెళ్ళి తింది. ఎర్ర దయ్యం దాన్ని పట్టుకుంది. తొమ్మిదిమందీ నోటితో చప్పుడు చేశారు.

వరలక్ష్మి ఆ చుక్క ఉన్న చోటే చూసింది. కంచంలో ఒక్క మెతుకు కనబడితే కడిగిన చేయి మళ్ళీ పెట్టి తినే మనిషితో ఆమె పద్దెనిమిదేళ్ళుగా కాపురం చేస్తోంది.

"ఇంకో ఇచ్చంత్రం," అంది భారతమ్మ. "రెండుకు పది నిమిషాలుండంగ బందైతది. ఆట నడుమల ఉన్నా బందే. అచ్చం గవర్నమెంటోని తీరు."

ఒకటీ యాభైకి తెర నల్లబడి సినిమా వచ్చింది. రెండు నిమిషాల తర్వాత మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వరలక్ష్మి బయటికి వచ్చింది. సత్తిబాబు స్కూటరు స్టాండు తీస్తున్నాడు.

"అదేంటి, అప్పుడే వచ్చేశావు?"

"ఒంటిపూట బడులు. భోంచేశారా?"

"చేశాను. కాసేపు నడుం వాల్చాను. ఎక్స్ఛేంజీలో పనుంది." స్కూటరు కదిలింది.

రాత్రి సత్తిబాబు రిపోర్టు రాశాడు. మూడు పేజీలు. వరలక్ష్మి నోటుబుక్కులు దిద్దుతూ అడిగింది.

"ఏం తేల్చారు?"

"తేల్చేదేముంది. తప్పు ఆపరేటరుదే. కుర్రాడు మంచివాడే గాని వైరింగు తెలీదు."

"అన్ని ఇళ్ళలోనూ చూశారా?"

"పదిహేను ఇళ్ళు చూశాను."

"మనింట్లో?"

"మనింట్లో చూడ్డానికేముంది? నేను వేసిన వైరింగు," అన్నాడు సత్తిబాబు.

ఆమె ఇంకొక నోటుబుక్కు తీసుకుంది.

ఆదివారం పదకొండు గంటలకు ఐలయ్య టీవీని వరండాలోకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోకల్ ఛానెల్లో భక్తి పాటలు వస్తున్నాయి. పదహారు ఇళ్ళ నుంచీ మనుషులు వచ్చారు. కొండల్ కొత్త వైరు చుట్టతో స్కూటరు మీద వచ్చి గేటు పక్కన ఆపాడు. యోనా ఆరాధన నుంచి నేరుగా వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. సత్తిబాబు నిలబడి కాగితాలు విప్పాడు. వరలక్ష్మి కనబడలేదు. సింధుకు లెక్కలు చెబుతోందనుకున్నాడు.

"ఒకటి," సత్తిబాబు చదివాడు. "తనిఖీ రోజున లైనులో పద్నాలుగు జాయింట్లు ప్రమాణానికి తగినట్టు లేవు. రెండు. దరిమిలా ఆపరేటరు వైరు మార్చినప్పటికీ లోపం తొలగలేదు. మూడు. ఫిర్యాదుల్లోని వేళలను బట్టి, లోపం పగటిపూట ఒకటీ ఇరవై నుంచి ఒకటీ యాభై వరకే కనబడుతున్నందున, ఎండకు వైరు సాగడమే ఇందుకు..."

తెర మీద దేవుడు పోయాడు. సందులు వచ్చాయి.

"వచ్చిండు," అంది భారతమ్మ. ఆడవాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

సత్తిబాబు కాగితం మీది నుంచి తలెత్తి టీవీని చూశాడు. తర్వాత వరండా కప్పును చూశాడు. తర్వాత మళ్ళీ టీవీని చూశాడు.

"పొద్దుగాల్నే వచ్చిందేంది? ఒకటీ ఇరవై ఇంక గాలే గద," అన్నాడు ప్రేమ్ రాజ్.

"ఇయ్యాల ఆడేటోడు వేరే," అంది భారతమ్మ. "సూడుండ్రి, చుక్క ఇడిసిపెట్టి పోతున్నడు."

గుండు మిగిలిన చుక్కల్ని పట్టించుకోలేదు. నారింజ దయ్యం ఎదురొచ్చినా దారి మార్చలేదు. ఆ దయ్యమే దారి మార్చుకుంది. గుండు మూలన పెద్ద చుక్క పక్కన ఆగి, నాలుగు దయ్యాలూ దగ్గరికి వచ్చేదాకా ఉండి, అప్పుడు చుక్క తిని వెనక్కి తిరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వరండా అంతా చప్పట్లు.

సత్తిబాబు వారంలో ఎన్నడూ రెండింటికి మించి తినలేదు.

ఐలయ్య చేయెత్తాడు. "కొండల్, ఇది నీ పనేనా? ఉన్నదున్నట్టు చెప్పు."

కొండల్ చుట్టూ చూశాడు. పదహారు ఇళ్ళు అతని మాట కోసం చూస్తున్నాయి. "నా పనే. గల్లీ నాకియ్యుండ్రి, ఇప్పుడే బంద్ జేస్త," అన్నాడు.

"ముందు బంద్ జెయ్యి. ఎనక గల్లీ."

కొండల్ స్తంభం దగ్గరికి వెళ్ళి పెట్టె మీద చేయి పెట్టాడు. "ఇగ సూడుండ్రి," అన్నాడు. గుండు రెండో మూలకు వెళ్ళింది. కొండల్ ఒక మర విప్పాడు. గుండు రెండో పెద్ద చుక్క తింది. కొండల్ వచ్చి టీవీ వెనకా ముందూ చూశాడు.

"జర పక్కకు జరుగు కొండల్," అంది భారతమ్మ. "అడ్డమొస్తున్నవ్."

కొండల్ పక్కకు జరిగాడు. కుర్మయ్య నవ్వడం మొదలుపెట్టాక మిగతావాళ్ళు కూడా నవ్వారు.

"ఇది కొండల్ పని గాదు," అన్నాడు ఐలయ్య. "ఇగ మిగిలింది ప్రేమ్ రాజే. సార్, మీ కాయితం చదువుండ్రి. తప్పు ఆపరేటరుదేనా?"

ప్రేమ్ రాజ్ నేల చూస్తున్నాడు. యోనా కొడుకు భుజం మీద చేయి వేశాడు. సత్తిబాబు చేతిలో మూడు పేజీలున్నాయి. మూడో పేజీ చివర తన సంతకం ఉంది. చదివి కూర్చుంటే సరిపోతుంది. అతను కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"లోపం లైనులో లేదు," అన్నాడు. "చందాదారుడి ఇంట్లో ఉంది."

ఫోన్లు పాడైనప్పుడు ఈ మాట గల్లీలో అందరూ అతని నోట విన్నదే. కుర్మయ్యే నాలుగుసార్లు విన్నాడు.

"ఏ చందాదారుడు?" ఐలయ్య అడిగాడు.

సత్తిబాబు వేలు పైకి చూపించాడు.

"మా మేడ మీదనా?"

"మా ఇంట్లోనే. కేబులుకు గేమ్ వైరు కలిపింది నేను. వారం నుంచి ఆడింది కూడా నేనే. ప్రేమ్ రాజ్ తప్పు ఏమీ లేదు. కావాలంటే రాతపూర్వకంగా ఇస్తాను."

తలలన్నీ మేడ వైపు తిరిగాయి.

"ఒక్క చుక్క కోసం ఎనక్కి పోయేటోడివి నువ్వేనా సార్?" అంది భారతమ్మ. "పోకు, పోకు అని ఈడ కూసొని ఎంత మొత్తుకున్న."

"వినపడలేదండి," అన్నాడు సత్తిబాబు.

"మరి ఇప్పుడు ఆడుతున్నదెవలు?" అన్నాడు ప్రేమ్ రాజ్.

తెర మీద చివరి చుక్క అయిపోయింది. సందులు రెండుసార్లు మెరిసి ఆగాయి. తెర నల్లబడి భక్తి పాటలు వచ్చాయి. మెట్ల మీద చప్పుడైంది. వరలక్ష్మి టీవీ గేమ్ డబ్బా పట్టుకుని దిగింది. వెనక సింధు లెక్కల పుస్తకంతో దిగింది.

"నారింజోన్ని ఇడిసిపెట్టినవ్ సూడు టీచరమ్మా, అదే తెలివి," అంది భారతమ్మ.

"మీరు చెప్పిందేగా అండీ."

సత్తిబాబు గొంతు తగ్గించి భార్యతో అన్నాడు. "నిన్ననే నాతో చెప్పొచ్చుగా."

"లక్షణాలు చెప్పొద్దన్నారటగా."

"నాన్నా," అంది సింధు. "మీ పరీక్షలు ఎప్పుడైపోయాయి?"

సత్తిబాబు స్కూటరు తాళాల గుత్తి కోసం జేబు తడుముకున్నాడు. అది వరలక్ష్మి చేతిలో ఉంది.

ఐలయ్య తీర్పు చెప్పాడు. గల్లీ ప్రేమ్ రాజ్‌దే. పెండ్లికి పదహారు ఇళ్ళూ వస్తాయి. కొండల్ వైరు చుట్టను స్కూటరుకు కట్టుకుంటూ, మొదటినుంచీ తనకు అనుమానంగానే ఉందని చెప్పాడు. ప్రేమ్ రాజ్ మేడ మీదికి వెళ్ళి సత్తిబాబు వేసిన ముడి విప్పి, వైరుకు కొత్త పిన్ను బిగించాడు. సత్తిబాబు పక్కన నిలబడి చూశాడు. ఏ సలహా ఇవ్వలేదు.

సోమవారం మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి లోకల్ ఛానెల్లో సినిమా ఏ ఆటంకం లేకుండా వచ్చింది. ఒకటిన్నరకల్లా ప్రేమ్ రాజ్‌కు పద్నాలుగు ఫిర్యాదులు అందాయి.